ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఏమీ కాలేదా? బొమ్మ పలక మీదే ఉంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కొత్తగా ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో చేరారు, విండోస్ 11 ఉన్న లాప్‌టాప్ ఇచ్చారు. స్క్రీన్ మీద ఉన్నది పంపమని అడిగినప్పుడల్లా ఫోన్‌తో ఫొటో తీసి పంపుతున్నారు. అది గీతలు గీతలుగా వస్తోంది, అంకెలు కనపడటం లేదని మాట పడుతున్నారు. ప్రింట్ స్క్రీన్ కీ నొక్కితే ఏమీ జరగడం లేదు. కీబోర్డు పాడైందా, ఏదైనా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలా అని అడిగారు.

కీబోర్డు బాగానే ఉండి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ముందు ఈ రెండూ చేసి చూడండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

విండోస్ కీ + షిఫ్ట్ + ఎస్. మూడూ కలిపి నొక్కగానే స్క్రీన్ కాస్త మసకబారుతుంది, మౌస్ బాణం కూడిక గుర్తులా మారుతుంది. కావలసినంత మేర ఒక మూల నుంచి ఎదురు మూలకు లాగి వదలండి. వాట్సాప్ వెబ్‌లోకో, మెయిల్‌లోకో, వర్డ్‌లోకో వెళ్లి కంట్రోల్ + వి కొట్టండి. బొమ్మ వచ్చి పడుతుంది.

విండోస్ కీ + ప్రింట్ స్క్రీన్. స్క్రీన్ ఒక్క క్షణం చీకటై మళ్లీ వెలుగుతుంది. అంటే తీసేసిందని అర్థం. ఆ బొమ్మ పిక్చర్స్ ఫోల్డర్‌లో, స్క్రీన్‌షాట్స్ అనే ఇంకో ఫోల్డర్‌లో ఫైలుగా ఉంటుంది.

ఫోన్‌తో తీస్తే గీతలు ఎందుకంటే, మీ స్క్రీన్ చిన్న చిన్న చుక్కల గళ్లు, ఫోన్ కెమెరా లోపల ఉన్నదీ గళ్లే. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే అలలు అలలుగా కనపడతాయి చూడండి, అదే ఇది. ఎంత ఖరీదు ఫోన్ కొన్నా పూర్తిగా పోదు.

ఇక అసలు సంగతి. నేను తాడేపల్లిగూడెంలో బస్టాండుకు దగ్గర్లో 2009 నుంచి నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సు, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రైలు టికెట్లు, అన్నీ. ఇన్నేళ్లలో స్క్రీన్‌షాట్ గురించి నన్ను అడిగినవాళ్లలో కీలు గుర్తులేక ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువ. తీసిన బొమ్మ ఎక్కడికి పోయిందో తెలియక ఇబ్బంది పడ్డవాళ్లే ఎక్కువ. మీరూ ఆ బాపతే అనుకుంటున్నాను.

ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. మనవళ్ల ఊళ్లో పిల్లలకు కంప్యూటర్లో తెలుగు టైపింగ్ నేర్పుదామని, ఒక్కో మెట్టు బొమ్మతో సహా పుస్తకంలా తయారుచేయాలని ఆయన ముచ్చట. ఇంట్లో కూర్చుని ఓపిగ్గా ముప్పై చోట్ల ప్రింట్ స్క్రీన్ నొక్కారు. ఎన్నిసార్లు నొక్కిందీ కాగితం మీద నిలువు గీతలు పెట్టి మరీ లెక్కేసుకున్నారు. తర్వాత వర్డ్ తెరిచి ముప్పైసార్లు పేస్ట్ చేశారు. ముప్పై చోట్లా ఒకే బొమ్మ వచ్చింది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, “వైరస్ పట్టిందోయ్, ఎన్ని తీసినా చివరిదే చూపిస్తోంది” అన్నారు.

నేను క్లిప్‌బోర్డు (కాపీ చేసినదాన్ని పేస్ట్ చేసేదాకా కంప్యూటర్ పట్టుకుని ఉంచే చోటు) అంటే ఇదీ, మెమరీ అంటే ఇదీ అని మొదలుపెట్టాను. ఆయన రెండు నిమిషాలు విని, “అంటే అది పలక. కొత్తది రాయాలంటే పాతది తుడవాలి. నేను నోటుబుక్కు అనుకున్నాను” అన్నారు. అప్పటినుంచి నేనూ అందరికీ అలాగే చెబుతున్నాను. నా పదిహేను నిమిషాల ఉపన్యాసం ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

కాబట్టి ఏ కీ నొక్కినా ముందు ఒకటి అడగండి: ఇది పలక మీదికి పోతుందా, నోటుబుక్కులోకి పోతుందా?

కింద చెప్పబోయే మీట ఆన్‌లో లేకపోతే, ఉత్త ప్రింట్ స్క్రీన్ నొక్కితే స్క్రీన్ మొత్తం పలక మీదికి పోతుంది. శబ్దం రాదు, వెలుగు రాదు, ఏ ఫోల్డర్‌లోనూ కనపడదు. ‘ఏమీ జరగలేదు’ అని మీకు అనిపించింది అందుకే. నిజానికి జరిగింది. పెయింట్ తెరిచి కంట్రోల్ + వి కొట్టి చూడండి, మీ స్క్రీన్ అక్కడ ప్రత్యక్షం కావాలి. రెండు మానిటర్లు తగిలించి ఉంటే రెండూ పక్కపక్కన ఒకే పొడుగు బొమ్మగా వస్తాయి. కంగారు పడకండి, దాని తీరే అంత.

ఆల్ట్ + ప్రింట్ స్క్రీన్ కూడా పలకే, కానీ మీరు పనిచేస్తున్న ఒక్క విండో మాత్రమే వస్తుంది. వెనకాల తెరిచి ఉన్నవీ, కింద టాస్క్‌బారూ రావు. ఆఫీసు పనికి నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఎందుకో కింద చెబుతాను.

విండోస్ + ప్రింట్ స్క్రీన్ నోటుబుక్కు. ఫైలుగా దాస్తుంది, పలక మీద కూడా ఒక కాపీ పెడుతుంది. మాస్టారికి కావలసింది ఇదే. ముప్పైసార్లు నొక్కితే ముప్పై ఫైళ్లు, వరుస నంబర్లతో.

విండోస్ + షిఫ్ట్ + ఎస్ సంగతి మాత్రం విండోస్ పదిలో ఒకలా, పదకొండులో ఇంకోలా ఉంటుంది. పదిలో అది పలక మీదికే పోతుంది. మూలన ఒక చిన్న నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద నొక్కి, తెరుచుకున్న కిటికీలో కంట్రోల్ + ఎస్ కొట్టి మనమే దాచుకోవాలి. నోటిఫికేషన్లు ఆపేసి ఉంటే అది కూడా కనపడదు. పదకొండులో స్నిప్పింగ్ టూల్ (స్క్రీన్‌షాట్లు తీయడానికి విండోస్‌తోనే వచ్చే ప్రోగ్రామ్) ఇప్పుడు తనంతట తానే స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో ఒక కాపీ దాస్తోంది. ఆ ఫైలు పేరులో తేదీ, టైమూ కూడా ఉంటాయి. మీకు రాకపోతే స్నిప్పింగ్ టూల్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్‌గా సేవ్ చేసే మీట ఆఫ్‌లో ఉందేమో చూడండి.

ఇంకో తిరకాసు ఉంది. పిక్చర్స్ ఫోల్డర్‌లో వెతికితే స్క్రీన్‌షాట్స్ అన్నదే లేదని కొందరు అంటారు. కొత్త లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) బ్యాకప్‌కు ఒప్పుకొని ఉంటే, పిక్చర్స్ ఫోల్డర్ మొత్తం వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతుంది. అక్కడ చూడండి. స్కూలు లాప్‌టాప్ కాబట్టి ఆ వన్‌డ్రైవ్ ఎవరి మెయిల్‌తో తెరిచారో కూడా ఒకసారి కనుక్కోండి. మీరు తీసిన ప్రతి బొమ్మా పాత క్లర్కు గారి అకౌంట్‌లోకి పోతూ ఉండొచ్చు.

ఇప్పుడు కీ సంగతి. డెస్క్‌టాప్ కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ విడిగా, పై వరుసలో కుడివైపు దర్జాగా ఉంటుంది. లాప్‌టాప్‌లో చోటు చాలక ఇన్సర్ట్‌తోనో, ఏదో ఎఫ్ నంబరు కీతోనో కలిపేస్తారు. పేరు కూడా పూర్తిగా రాయరు, నాలుగైదు అక్షరాలకు కుదిస్తారు. అలాంటి కీ మీద రెండు పేర్లు ఉండి, ప్రింట్ స్క్రీన్ అన్నది చిన్నగా కిందనో, వేరే రంగులోనో ఉంటే, ఎఫ్ఎన్ కీ పట్టుకుని నొక్కాలి. అంటే విండోస్ + ఎఫ్ఎన్ + ప్రింట్ స్క్రీన్. పేస్ట్ చేసినా బొమ్మ రాలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఆ కీ అసలు లేని లాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. విండోస్ + షిఫ్ట్ + ఎస్‌కు ఆ కీతో పనే లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు. కీ నిజంగానే చచ్చిపోయి ఉంటే విండోస్ + కంట్రోల్ + ఓ నొక్కండి, స్క్రీన్ మీదే కీబోర్డు బొమ్మ వస్తుంది. అందులో ప్రింట్ స్క్రీన్ ఉంటుంది, మౌస్‌తో నొక్కొచ్చు.

విండోస్ 11లో ఒక సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ తెరిస్తే, ప్రింట్ స్క్రీన్ కీతో స్క్రీన్ క్యాప్చర్ తెరవాలా అని ఒక మీట కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే ఒక్క కీతోనే విండోస్ + షిఫ్ట్ + ఎస్ పని అయిపోతుంది. 2023 తర్వాతి అప్‌డేట్లలో చాలా మెషీన్లకు ఇది మొదటినుంచీ ఆన్‌లోనే వస్తోంది. మీ దాంట్లో ఏమీ రావడం లేదన్నారు కాబట్టి ఆఫ్‌లో ఉండొచ్చు, లేదా పైన చెప్పిన ఎఫ్ఎన్ గొడవ కావచ్చు. అన్నట్టు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉన్నా ఈ షార్ట్‌కట్లన్నీ మామూలుగానే పనిచేస్తాయి, ఇంగ్లీషుకు మార్చక్కర్లేదు.

పేరులో ‘ప్రింట్’ ఎందుకుందని మాస్టారు అడిగారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఆ కీ పని నిజంగా ప్రింటు కొట్టడమే. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే స్క్రీన్ మీది అక్షరాలు తిన్నగా ప్రింటర్ మీద కాగితంలోకి పోయేవి. విండోస్ వచ్చాక ఆ కీకి పని మారింది, పేరు మాత్రం అలాగే మిగిలింది. మా దగ్గర ‘టాకీసు సెంటర్’ అంటాం, టాకీసు పడగొట్టి ఎన్నేళ్లయిందో.

పలక ఒక్కటే అయినా, విండోస్ దానికి పేజీలు కుట్టే ఏర్పాటు ఒకటి ఇచ్చింది. విండోస్ + వి నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది. ఆన్ చేస్తే ఆ తర్వాత మీరు కాపీ చేసినవి, తీసిన స్క్రీన్‌షాట్లు 25 దాకా వరుసగా కనపడతాయి, కావలసినదాని మీద నొక్కితే అది పేస్ట్ అవుతుంది. 4 ఎంబీ కంటే పెద్ద బొమ్మను పట్టుకోదు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప అన్నీ పోతాయి. ఈ లెక్కన మాస్టారి ముప్పైలో అయిదు అప్పుడూ గోవిందే. ఒక హెచ్చరిక: నలుగురు వాడే కంప్యూటర్లో దీన్ని ఆన్ చేయకండి. మీరు కాపీ చేసిన పాస్‌వర్డు, ఎవరిదో ఆధార్ నంబరు, అన్నీ తర్వాత కూర్చున్నవాళ్లకు వరుసగా కనపడతాయి. నా సెంటర్లో అన్ని సిస్టమ్స్‌లోనూ ఆఫ్‌లోనే ఉంచుతాను.

స్కూలు ఆఫీసు అన్నారు కాబట్టి పోర్టళ్లతో పని తప్పదు. అక్కడ పలక పనికిరాదు. ‘చూజ్ ఫైల్’ అని అడిగేచోట కంట్రోల్ + వి కొడితే చాలావరకు ఏమీ జరగదు, ఫైలు ఉండాల్సిందే. పైగా విండోస్ దాచేది పీఎన్‌జీ ఫైలు, పోర్టల్ అడిగేది జేపీజీ, అదీ ఇన్ని కేబీల లోపు అని. చాలామంది ఫైలు పేరు చివర మూడక్షరాలు మార్చేసి ఊరుకుంటారు. పేరు మారిస్తే ఫైలు మారదు, కొన్ని పోర్టళ్లు పట్టేస్తాయి. పెయింట్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో జేపీఈజీ ఎంచుకోండి. సైజు ఇంకా ఎక్కువుంటే అక్కడే రీసైజ్ నొక్కి శాతం తగ్గించండి. అక్షరాలున్న బొమ్మని మరీ తగ్గిస్తే చదవడానికి రాదు, తగ్గించాక ఒకసారి తెరిచి చూసుకోండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా అంతే. ఫొటోగా పంపితే అది నొక్కి చిన్నది చేస్తుంది, మార్కుల లిస్టులో 3కీ 8కీ తేడా తెలియదు. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

ఇప్పుడు ఫీజుల సంగతి, ఇది కాస్త ఎక్కువే చెప్పాలి. ఒక ఏడాది డిగ్రీ పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు, సాయంత్రం. సెంటర్ నిండా పిల్లలు. ఇద్దరమ్మాయిలు పక్కపక్క సిస్టమ్స్‌లో కూర్చున్నారు. ఇద్దరికీ డబ్బు కట్టాక పేజీ తిరుగుతూ ఆగిపోయింది. ఒకమ్మాయికి ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ వచ్చింది, డబ్బు కట్ అయ్యిందని. టెన్షన్‌లో బ్యాక్ కొట్టి, ట్యాబ్ మూసేసి, మళ్లీ మొదటినుంచి లాగిన్ అయ్యింది. అక్కడ ‘ఫీజు కట్టలేదు’ అనే ఉంది. రెండో అమ్మాయి పేజీ కూడా అలాగే తిరుగుతుంటే నేను వెనకనుంచి చేయి చాపి విండోస్ + ప్రింట్ స్క్రీన్ కొట్టాను. పేజీ మీద అప్పటికే ట్రాన్సాక్షన్ నంబరు వచ్చి ఉంది, పైన వెబ్‌సైట్ అడ్రసు ఉంది, కింద కుడిమూల తేదీ, టైమూ ఉన్నాయి. ఆమె మర్నాడు ఆ కాగితం పట్టుకెళ్తే కాలేజీ ఆఫీసులో నంబరు వేసి చూసి, డబ్బు వాళ్లకు చేరిందని తేల్చారు. మొదటమ్మాయి ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేసి రెండోసారి కట్టింది. మొదటి డబ్బు తర్వాత అకౌంట్‌లోకి తిరిగొచ్చింది, కానీ ఆ రాత్రి ఆ పిల్ల మొహం నాకింకా గుర్తే.

అందుకని డబ్బు కట్టేచోట బొమ్మను అందంగా కత్తిరించకండి. స్క్రీన్ మొత్తం తీయండి. అడ్రసు బారు, ట్రాన్సాక్షన్ నంబరు, గడియారం, మూడూ పడాలి. పనికొచ్చేది ఆ నంబరే, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్. పేజీ తిరుగుతున్నప్పుడు కూడా తీయండి, అయిపోయాక కూడా తీయండి.

అయితే రసీదు సరిగ్గా వచ్చేసిందా, అప్పుడు స్క్రీన్‌షాట్ కంటే కంట్రోల్ + పి కొట్టి, ప్రింటర్ పేరు ఉన్నచోట పీడీఎఫ్‌గా సేవ్ చేసేది ఎంచుకోండి. పీడీఎఫ్‌లో పేజీ మొత్తం వస్తుంది, అందులోని నంబరును కాపీ చేసుకోవచ్చు, ఎప్పుడు ప్రింటు తీసినా శుభ్రంగా ఉంటుంది. స్క్రీన్‌షాట్‌ను ఏ4 మీద ప్రింటు తీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలకు నేను చెప్పేదీ ఇదే: సేవ్ చేశాక మొత్తం లిస్టు పీడీఎఫ్‌గా దాచుకో, స్క్రీన్‌షాట్ తీస్తే స్క్రీన్‌లో పట్టినంతే వస్తుంది.

మీ దగ్గరికి తల్లిదండ్రులు ఫీజు కట్టామని స్క్రీన్‌షాట్ చూపిస్తే మాత్రం దాన్ని చూసి రసీదు కొట్టేయకండి. బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి పేజీలో అంకె మార్చి స్క్రీన్‌షాట్ తీయడం ఇంటర్ కుర్రాడికి కూడా అయిదు నిమిషాల పని. నేనే ఒకసారి మోసపోయాను. ఒకాయన 350 రూపాయల పనికి ఫోన్ చూపించి వెళ్లిపోయాడు, తర్వాత చూస్తే అది ముందురోజు ఇంకెవరికో కట్టిన బిల్లు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిందా లేదా అన్నదే లెక్క.

ఆన్‌లైన్ మోసం జరిగినప్పుడు 1930కి ఫోన్ చేసినా, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినా స్క్రీన్‌షాట్లు పనికొస్తాయి. కోర్టుదాకా వెళితే మాత్రం బొమ్మ ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. కాబట్టి స్క్రీన్‌షాట్ తీశాం కదా అని అసలు మెసేజీని, మెయిల్‌ను డిలీట్ చేయకండి.

ఇక ఆల్ట్ + ప్రింట్ స్క్రీన్ ఎందుకు నచ్చుతుందని చెప్పానో అది. ఒక ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఫీజు బాకీల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. లిస్టు స్క్రీన్‌లో సగమే ఉంది. మిగతా సగంలో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంది, అందులో వాళ్ల మేనేజరు గురించి స్నేహితుడితో మాట్లాడుకున్నవి చక్కగా చదివేలా ఉన్నాయి. డిలీట్ కొట్టేలోపు చూడాల్సినవాళ్లు చూసేశారు. ఒక్క విండో తీసి ఉంటే ఆ గొడవే లేదు. పంపే ముందు బొమ్మ నాలుగు మూలలూ చూడటం నాకు అలవాటైపోయింది: పైన తెరిచి ఉన్న ట్యాబుల పేర్లు, బుక్‌మార్కులు, కుడిమూల నోటిఫికేషన్, కింద టాస్క్‌బారు.

పిల్లల వివరాలు, ఆధార్ నంబర్లు మీ చేతిలో ఉంటాయి కాబట్టి ఇంకొకటి. దాచాల్సినదాన్ని హైలైటర్‌తో రుద్దకండి. అది నల్లగా కనిపించినా సగం పారదర్శకం, ఫోన్‌లో వెలుగు పెంచితే కింది అంకెలు తేలతాయి. పెయింట్‌లో నల్లరంగు నింపిన డబ్బా గీసి పైన పెట్టి, ఆ తర్వాత సేవ్ చేయండి. ఆధార్ కావాలంటే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, అదే తీసుకోండి. 2023లో స్నిప్పింగ్ టూల్‌లోనే ఒక లోపం బయటపడింది: బొమ్మని కత్తిరించి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, కత్తిరించిన భాగం ఫైలు లోపల మిగిలిపోయేది, తెలిసినవాళ్లు దాన్ని బయటికి తీయగలిగేవారు. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ సరిచేసింది. అప్‌డేట్లు పడుతున్న మెషీన్‌కు ఇప్పుడు భయం లేదు. కానీ అంతకుముందు అలా కత్తిరించి పంపిన పాత ఫైళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఎవరు చూడొచ్చారు?

చిల్లర సమస్యలు కొన్ని. మెనూ తెరిచి ఉండగా తీయబోతే అది మూసుకుపోతుందా? స్నిప్పింగ్ టూల్ తెరిచి గడియారం గుర్తు మీద 3, 5 లేదా 10 సెకన్లు పెట్టుకోండి, ఈలోపు మెనూ తెరిచి ఉంచండి. ప్రింట్ స్క్రీన్‌తో తీస్తే మౌస్ బాణం బొమ్మలో పడదు, బాణం కావాలంటే తర్వాత గీసుకోవడమే. ఓటీటీ సినిమా తీస్తే నల్లగా వస్తుంది. అది లోపం కాదు, కాపీ చేయనివ్వకుండా వాళ్లు పెట్టిన తాళం. వెబ్ పేజీ పొడుగ్గా ఉంటే ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్ కొడితే పేజీ మొత్తం తీసే ఎంపిక వస్తుంది. క్రోమ్‌లో కాస్త చుట్టుదారి: ఎఫ్12, తర్వాత కంట్రోల్ + షిఫ్ట్ + పి, అక్కడ ఇంగ్లీషులో స్క్రీన్‌షాట్ అని టైపు చేసి ఫుల్ సైజు అన్నది ఎంచుకోవాలి.

మీకు అక్కర్లేకపోయినా, మ్యాక్ వాడేవాళ్లు ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు మ్యాక్ కొని, ప్రింట్ స్క్రీన్ ఎక్కడ పెదనాన్నా అని అడిగాడు. అందులో ఆ కీ ఉండదు. కమాండ్ + షిఫ్ట్ + 3 స్క్రీన్ మొత్తానికి, 4 కావలసినంత ముక్కకు. 4 కొట్టాక స్పేస్ బారు నొక్కితే ఒక్క విండో. 2018లో వచ్చిన మొహావీ అనే మ్యాక్ వెర్షన్ నుంచి 5 కొడితే అన్నీ ఒకచోట చూపించే పట్టీ వస్తుంది. విండోస్‌కు తిరగేసిన పద్ధతి అక్కడిది: మామూలుగా నొక్కితే నోటుబుక్కే, డెస్క్‌టాప్ మీద ఫైలు పడుతుంది. పలక కావాలంటే ఆ కీలకు కంట్రోల్ కూడా కలపాలి. లినక్స్‌లో ఉబుంటు 22.04 నుంచి అయితే ఉత్త ప్రింట్ స్క్రీన్ నొక్కితే చాలు, ఏది కావాలో అదే అడుగుతుంది.

మీరు ముందు పెయింట్ తెరిచి కంట్రోల్ + వి పరీక్ష చేయండి. బొమ్మ వస్తే కథ కంచికి. రాకపోతే ఎఫ్ఎన్ కలిపి ఇంకోసారి నొక్కి చూడండి. అప్పటికీ రాకపోతే లాప్‌టాప్ మోడల్ ఏమిటో, ఆ కీ మీద పైన ఏముందో కింద ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయండి, చూసి చెబుతాను. దానికి మాత్రం ఫోన్‌తో ఫొటో తీసి పెట్టినా పర్లేదు.